చేత్తో గీసిన బొమ్మ షాట్‌లో అంటించినట్టు కనపడకుండా కలపడం ఎలా

కంపాజిటింగ్ (విడివిడిగా తయారైన పొరల్ని ఒకే షాట్‌గా కలిపే పని) అనగానే చాలామంది చేతులు నేరుగా గ్లో మీదకి, లెన్స్ ఫ్లేర్ మీదకి పోతాయి. చేత్తో గీసిన యానిమేషన్‌లో అవి ఆఖర్న చూసుకునే పనులు, చాలా షాట్లకి అసలు అక్కర్లేదు కూడా. బొమ్మ బ్యాక్‌గ్రౌండ్ మీద స్టిక్కర్‌లా కనిపిస్తోందంటే ఎఫెక్టులు తక్కువై కాదు. అంచుల్లో మురికి ఉండి ఉంటుంది, లేదా పాదాల కింద నీడ ఉండదు, లేదంటే బొమ్మ మారే ఫ్రేములకీ కెమెరా కదిలే ఫ్రేములకీ పొత్తు కుదరక కాళ్లు జారుతుంటాయి. వీటిని వదిలేసి పైన ఎంత మెరుపు పోసినా మెరిసే స్టిక్కర్ అవుతుంది, అంతే.

ఉట్టి మాటల్లో చెప్తే అర్థం కాదు కాబట్టి ఒక షాట్ అనుకుందాం. మసక చీకటి పడే వేళ, ఒక పిల్ల లాంతరు పట్టుకుని రాతిమెట్లు దిగి గోడ వెంట నడుచుకుంటూ పోతుంది. మనకీ ఆ పిల్లకీ మధ్య ఒక స్తంభం అడ్డం వస్తుంది. కెమెరా ఆమెతో పాటే మెల్లగా పక్కకి ప్యాన్ అవుతుంది. బ్యాక్‌గ్రౌండ్ పెయింటింగ్ రెడీగా ఉంది, యానిమేషన్ డ్రాయింగులు కాగితం మీద వచ్చాయి. టాబ్లెట్ మీద గీసినవైతే స్కాన్ సంగతి వదిలేయండి, మిగతాదంతా ఒకటే.

సాఫ్ట్‌వేర్ మీకు ఏది అలవాటైతే అది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్, న్యూక్, ఫ్యూజన్, హార్మొనీ, బ్లెండర్, దేనితోనైనా పని అవుతుంది. డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే ఓపెన్‌టూన్జ్ ఉంది, స్టూడియో జిబ్లీ తన అవసరాలకి మార్పించుకుని వాడిన టూన్జ్ ఆధారంగా 2016లో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చింది, స్కాన్ దగ్గర్నుంచి రెండర్ దాకా అన్నీ అందులోనే ఉంటాయి. బటన్ల పేర్లు ఒక్కోదాన్లో ఒక్కోలా ఉన్నా లోపల జరిగే లెక్క మాత్రం ఒకటే, కింద చెప్పేది ఆ లెక్క గురించే.

ఫైళ్లు తెరవకముందే ఎక్స్-షీట్ చదవండి

ఎక్స్-షీట్ అంటే ఏ డ్రాయింగ్ ఏ ఫ్రేములో ఎంతసేపు ఉండాలో రాసిన పట్టిక. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టూస్ మీద చేసిన యానిమేషన్ అంటే ఒక్కో డ్రాయింగ్ రెండేసి ఫ్రేములు నిలబడుతుంది, సెకనుకి 12 డ్రాయింగులు సరిపోతాయి. కానీ ఏ షాటూ మొదట్నుంచి చివరిదాకా ఒకే లెక్కన నడవదు. ఆ పిల్ల మెట్టు దిగేటప్పుడు టూస్, అడుగు జారబోయి తమాయించుకున్న చోట వన్స్ (ఫ్రేముకో డ్రాయింగ్), ఆగి వెనక్కి చూసినప్పుడు ఒకే డ్రాయింగ్ పది ఫ్రేముల పాటు హోల్డ్. ఇదంతా ఎక్స్-షీట్‌లోనే రాసి ఉంటుంది.

డ్రాయింగుల ఫోల్డర్‌ని సీక్వెన్స్‌గా లాగి పడేస్తే సాఫ్ట్‌వేర్ ఒక్కో డ్రాయింగ్‌కి ఒక్కో ఫ్రేమే ఇస్తుంది. బొమ్మ పరుగులు పెడుతుంది. దాన్ని చూసి చాలామంది స్పీడ్ 50 శాతానికి తగ్గించేసి చేతులు దులుపుకుంటారు, అలా చేస్తే యానిమేటర్ పెట్టుకున్న హోల్డులన్నీ మాయం. టైమ్ రీమ్యాప్ (ఏ ఫ్రేములో ఏ డ్రాయింగ్ రావాలో చెప్పే సెట్టింగ్) పెట్టి, షీట్‌లో ఉన్నట్టే ప్రతి మార్పుకీ హోల్డ్ కీఫ్రేమ్ (తర్వాతి మార్పు దాకా ఉన్నదాన్నే నిలిపి ఉంచే గుర్తు) వేయండి. ఫ్రేమ్ బ్లెండింగ్ ఆన్‌లో ఉంటే వెంటనే ఆపేయండి, లేకపోతే రెండు డ్రాయింగులు ఒకదాన్లోంచి ఒకటి దెయ్యాల్లా తొంగిచూస్తాయి. ఏ లెవెల్ (విడిగా గీసిన పొర) పైన, ఏది కింద అన్నది షీట్‌లోని కాలమ్‌ల వరుస చెబుతుంది గానీ ఆ వరుస ఎటు నుంచి ఎటు చదవాలన్నది స్టూడియోని బట్టి మారుతుంది, ఊహించకుండా అడిగేయండి.

స్కాన్, గీత, ఆ తెల్ల దారం

పెగ్ బార్‌ని (డ్రాయింగ్ కాగితాల రంధ్రాలు తగిలించే పట్టీని) స్కానర్ గాజు అంచున టేపుతో గట్టిగా అంటించి, ప్రతి కాగితాన్నీ దానికే తగిలించి స్కాన్ చేయాలి. కాగితం అంచు చూసి సర్దితే లాభం లేదు, ఎందుకంటే డ్రాయింగులు ఒకదానికొకటి కుదిరేది రంధ్రాల దగ్గర. స్కానర్‌లో ఆటో ఎక్స్‌పోజర్, ఆటో క్రాప్ లాంటి ‘ఆటో’ అన్నవన్నీ ఆపేయండి. లేకపోతే ఒక్కో కాగితానికి అది తనకి తోచిన వెలుగు ఎంచుకుంటుంది, గీత మందం ఫ్రేము ఫ్రేముకీ మారి బొమ్మ మొత్తం మిణుకుమిణుకుమంటుంది. 300 డీపీఐలో ఏ4 కాగితం అడ్డంగా సుమారు 3508 పిక్సెళ్లు వస్తుంది. 1920 వెడల్పు షాట్‌కి ఇది ధారాళంగా సరిపోతుంది, కాకపోతే కాగితం మొత్తం ఫ్రేము కాదు గనక కెమెరా బాగా దగ్గరికి తోసే షాట్లుంటే ముందే 400కో 600కో వెళ్లండి. రెండు మూడు కాగితాలు స్కాన్ అవగానే వాటిని తిప్పి తిప్పి చూసి రంధ్రాలు ఒకే చోట ఉన్నాయో లేదో తేల్చుకోండి, మొత్తం కట్ట అయ్యాక కాదు.

ఇప్పుడు గీత అంచున ఉన్న ఒకే ఒక్క పిక్సెల్‌ని పట్టుకుందాం. అందులో సగం పెన్సిల్ గీత, సగం తెల్ల కాగితం. స్కానర్‌కి ఆ తేడా తెలీదు, 128 దగ్గర (0 అంటే నలుపు, 255 అంటే తెలుపు) ఒక బూడిద రంగు రాసిపెడుతుంది. మీరు మ్యాజిక్ వాండ్‌తో తెలుపు పట్టుకుని డిలీట్ కొడితే ఈ పిక్సెల్ బూడిదగానే మిగిలిపోతుంది. తెల్ల స్క్రీన్ మీద ఏమీ తెలీదు. మన షాట్‌లో ముదురు నీలం గోడ ముందు పెట్టగానే గీత పొడుగునా సన్నటి తెల్ల దారం అల్లుకున్నట్టు బయటపడుతుంది. నిజానికి ఆ పిక్సెల్‌లో బూడిద రంగంటూ ఏదీ లేదు, ఉన్నది సగం పారదర్శకమైన నలుపు. కాబట్టి తెలుపుని చెరిపే ఆలోచనే మానేసి, స్కాన్‌ని ఇన్వర్ట్ చేసి (నలుపు తెలుపులు తారుమారు చేసి) ఆ విలువల్నే ఆల్ఫాగా, అంటే ఏ పిక్సెల్ ఎంత పారదర్శకమో చెప్పే ఛానెల్‌గా వాడండి, రంగు ఛానెళ్లలో మాత్రం ఒకే ఫ్లాట్ నలుపు నింపండి. 128 ఉన్నచోట ఆల్ఫా సగం అవుతుంది, రంగు పూర్తి నలుపు అవుతుంది. ఇక వెనక నీలం ఉంటే ఆ అంచులో నీలమే కలుస్తుంది.

ఇన్వర్ట్ చేసే ముందు లెవెల్స్ (ఇవి పొరలు కావు, నలుపు తెలుపుల హద్దులు సర్దే టూల్) సరిచేయాలి. కాగితం కంటికి తెల్లగా ఉన్నా స్కాన్‌లో ఎప్పుడూ పూర్తి 255 రాదు, దాన్ని 255కి నెట్టకపోతే ఆల్ఫాలో పల్చటి తెర ఒకటి మిగిలి బ్యాక్‌గ్రౌండ్ అంతా మసకబారుతుంది. ఒక డ్రాయింగ్‌కి పెట్టిన లెవెల్స్ అంకెలే షాట్‌లో అన్ని డ్రాయింగులకీ పెట్టండి, ఒక్కోదానికి ఒక్కోలా సర్దొద్దు.

ఈ పద్ధతిలో ఇంకో సుఖం ఉంది. గీత రంగు ఇప్పుడు మీ చేతిలో ఉంది. మెత్తగా పెయింట్ చేసిన బ్యాక్‌గ్రౌండ్ ముందు కటిక నలుపు గీత ఎప్పుడూ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, దాని బదులు చర్మం దగ్గర ముదురు గోధుమ, బట్టల దగ్గర ఆ బట్ట రంగునే ఇంకాస్త ముదురు చేసి గీతకి పెట్టండి. మన మసక చీకటి షాట్‌లో గీత నలుపులో కాస్త నీలం కలిపినా చాలు, బొమ్మ సగం దిగిపోతుంది లోపలికి. నన్నడిగితే ఇంత తక్కువ శ్రమకి ఇంత ఫలితం ఇచ్చే పని కంపాజిటింగ్‌లో ఇంకోటి లేదు.

రంగు నింపేటప్పుడు ఫిల్ (నింపిన రంగు) గీత లోపలి అంచు దగ్గర ఆగిపోకూడదు, గీత మధ్య దాకా వెళ్లాలి, ఫిల్ లేయర్ గీత లేయర్ కింద ఉండాలి. లేకపోతే ఆ సందులోంచి గోడ రంగు తొంగిచూస్తుంది.

కొన్ని చోట్ల, ముఖ్యంగా జపాన్ పద్ధతిలో పనిచేసే స్టూడియోల నుంచి, గీతలు యాంటీ-ఏలియాసింగ్ లేకుండా మెట్లు మెట్లుగా వస్తాయి. నీడ హద్దులకి ఎరుపో నీలమో గీతలుంటాయి. అవి పాడైన ఫైళ్లు కావు, బకెట్‌తో ఒక్క పిక్సెల్ కూడా వదలకుండా రంగు నింపడానికి కావాలనే అలా ఉంచుతారు. వాటిని కంపాజిటింగ్‌లోనే నునుపు చేయాలి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో దీనికి ఓఎల్ఎం స్మూదర్ అనే ప్లగిన్ వాడతారు. సైజు మార్చడం, తిప్పడం, బ్లర్, అన్నీ స్మూదర్ తర్వాతే. ముందు సైజు మారిస్తే అంచుల్లో రంగులు కలిసిపోయి స్మూదర్‌కి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఆల్ఫా గురించి తప్పించుకోలేం

1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ రాసిన పేపర్‌లోని సూత్రమే ఇవాళ్టికీ అన్ని సాఫ్ట్‌వేర్లలో నడుస్తోంది: పైదాని రంగు, దానికి కలిపి కిందదాని రంగుని (1 – పైదాని ఆల్ఫా)తో గుణించగా వచ్చింది. ఇందులో పైదాని రంగు అప్పటికే ఆల్ఫాతో గుణించి ఉందని లెక్క, అదే ప్రీమల్టిప్లైడ్. గుణించకుండా ఉంచితే స్ట్రెయిట్. పీఎన్‌జీ ఫైళ్లు స్ట్రెయిట్‌గా ఉంటాయి, ఈఎక్స్‌ఆర్ ఫైళ్లు మామూలుగా ప్రీమల్టిప్లైడ్‌గా వస్తాయి. ప్రీమల్టిప్లైడ్ ఫైల్‌ని స్ట్రెయిట్ అని చెప్తే రెండోసారి గుణించి అంచులు నల్లబడతాయి. స్ట్రెయిట్ ఫైల్‌ని ప్రీమల్టిప్లైడ్ అని చెప్తే అంచులు వెలిగిపోతూ గరుకుగా కనిపిస్తాయి. రెంటికీ మందు ఎడ్జ్ చోక్ (అంచుని లోపలికి కోసే టూల్) కాదు. అది వేస్తే అంచుతో పాటు సన్నటి గీతలు, వెంట్రుకలు కూడా కోసుకుపోతాయి. ఫైల్ తెచ్చుకునే చోట ఇంటర్‌ప్రెటేషన్ (ఆల్ఫా ఏ రకమో చెప్పే సెట్టింగ్) సరిచేస్తే చాలు.

న్యూక్ లాంటి చోట కలర్ కరెక్షన్ చేసే ముందు అన్‌ప్రీమల్ట్ చేసి (ఆల్ఫా గుణకారాన్ని తీసేసి), అయ్యాక మళ్లీ ప్రీమల్ట్ చేయాలి. గామా మార్చినా, నలుపు కాస్త పైకెత్తినా ఈ వరుస తప్పిందంటే అంచుల్లో వేరే రంగు పుడుతుంది.

పరీక్ష చాలా తేలిక. బొమ్మ వెనక ముందు తెలుపు, తర్వాత నలుపు, ఆ తర్వాత కళ్లు చెదిరే మజెంటా పెట్టి 400 శాతం జూమ్‌లో జుట్టు చివర్లు, వేళ్ల సందులు, లాంతరు పిడి చూడండి. రంగు నింపడం మర్చిపోయిన చిన్న చిన్న చిల్లులు కూడా మజెంటా మీద ఠక్కున దొరికిపోతాయి.

వరుస, స్తంభం, వేళ్లు

అడుగు నుంచి: ఆకాశం, గోడా మెట్లూ, నేల మీద నీడ, పిల్ల ఫిల్, దాని మీద టోన్ (ఒంటి మీది నీడ భాగం), గీత, ఆపైన స్తంభం, ఆఖర్న లాంతరు వెలుగు. స్తంభం బ్యాక్‌గ్రౌండ్‌లో కలిపేసి పెయింట్ చేసి ఉంటే పెయింటర్‌ని విడిగా అడగండి, దాని వెనక గోడ కూడా పూర్తిగా వేసి ఇమ్మని చెప్పండి. ఇవ్వలేనంటే మాస్క్ గీసుకుని ఓవర్‌లేగా (పైన పెట్టే విడి పొరగా) కోసుకోవాలి, అప్పుడు ప్యాన్‌లో స్తంభాన్ని గోడకంటే వేగంగా కదపడం కుదరదు, ఎందుకంటే అది పక్కకి జరిగితే వెనక ఖాళీ బయటపడుతుంది. ఆ పిల్ల పోతూ పోతూ స్తంభం మీద చెయ్యి వేస్తే వేళ్లు స్తంభం ముందుకి రావాలి, శరీరం వెనకే ఉండాలి. దానికి వేళ్లని విడి లెవెల్‌గా గీయించుకోవాలి. లాంతరు పట్టుకున్న చేతికీ ఇదే తంటా, అరచేయి వెనక, పిడి మధ్యలో, వేళ్లు ముందు. అన్ని లెవెల్సూ క్రాప్ చేయకుండా ఒకే కాన్వాస్ సైజులో రావాలని ముందే చెప్పండి, లేకపోతే ఒక్కోదాన్నీ చేత్తో జరుపుకుంటూ కూర్చోవాలి.

వెలుతురు

రంగుల జోలికి పోయే ముందు షాట్‌ని నలుపు తెలుపులో చూడండి. పిల్ల మొహం, గోడ ఒకే బూడిదలో కలిసిపోతున్నాయంటే ఏ రంగు వేసినా ఆ మొహం చదవలేం. అప్పుడు మార్చాల్సింది గోడ, మొహం కాదు, వెనక కాస్త మసక చేసి కాంట్రాస్ట్ తగ్గిస్తే పిల్ల ముందుకొస్తుంది.

డ్రాయింగులకి రంగులు మామూలుగా పగటి ప్యాలెట్‌లో నింపి ఉంటాయి. చీకటి షాట్ కదా అని అందరూ చేసేది పైన నీలం సాలిడ్ పెట్టి మల్టిప్లై (కింది రంగుతో గుణించి ముదురు చేసే మోడ్). పరీక్షకి ఓకే, ఫైనల్‌కి నాకు నచ్చదు. కంటి తెలుపు, పళ్లు, చర్మం, అన్నీ ఒకే మోతాదులో నీలంలో మునిగి మొహంలో ప్రాణం పోతుంది. ఒక్కో రంగునీ విడిగా మార్చి సాయంత్రం ప్యాలెట్ తయారు చేయించుకోవడమే సరైన దారి, రంగుకో మాస్క్ ఉంటే మీరే చేసుకోవచ్చు. టైమ్ లేక మల్టిప్లైతోనే కానిచ్చేస్తే కనీసం కళ్లని మాస్క్‌తో తప్పించండి.

లాంతరు వెలుగు పిల్ల మీద పడే వైపు లైట్ మాట్, అవతలి వైపు టోన్ మాట్ (వెలుగు, నీడ ఎక్కడెక్కడ పడాలో చూపే ఆకారాలు) కావాలి. వీటిని యానిమేటర్ గీసిస్తే అదృష్టం. లేనప్పుడు వాడే ఒక చిట్కా: పిల్ల ఆల్ఫాని కాపీ చేసి, లాంతరు నుంచి దూరంగా కొన్ని పిక్సెళ్లు జరిపి, కాస్త బ్లర్ చేసి, ఇన్వర్ట్ చేసి, అసలు ఆల్ఫాతో గుణించండి. లాంతరు వైపు అంచున సన్నటి వెలుగు పట్టీ మిగులుతుంది. దూరపు షాట్లకి ఇది చాలు. దగ్గర షాట్‌లో మాత్రం మోసం తెలిసిపోతుంది, ఎందుకంటే దానికి ముక్కు ఎక్కడుందో, చెంప ఎక్కడ తిరుగుతుందో తెలీదు, బయటి ఆకారం ఒక్కటే తెలుసు. క్లోజప్‌లో మొహం మీద వెలుగు ఎవరో ఒకరు గీయాల్సిందే.

లాంతరు గ్లోకి ఒకే పెద్ద బ్లర్ పెట్టొద్దు. చిన్నగా, ఘాటుగా ఒకటి, వెడల్పుగా, చాలా పల్చగా ఇంకోటి. మంట నడిబొడ్డు దాదాపు తెలుపు, బయటికి పోయేకొద్దీ నారింజ. వెలుగు కదలడానికి ర్యాండమ్ ఎక్స్‌ప్రెషన్ పెడితే అది ప్రతి ఫ్రేముకీ వణుకుతుంది, పిల్ల మాత్రం టూస్ మీద నడుస్తుంటుంది. రెండూ వేరే వేరే సినిమాల్లోంచి వచ్చినట్టు ఉంటాయి. గ్లో మార్పుని కూడా డ్రాయింగ్ మారే ఫ్రేముల మీదే పెట్టండి.

గ్లో కలిపేది లీనియర్‌లోనా (అంకెలు అసలు వెలుగుకి నేరుగా సరిపోయే పద్ధతి), మామూలు ఎస్‌ఆర్‌జీబీలోనా (స్క్రీన్‌కి తగ్గట్టు సర్దిన అంకెలు) అన్నది షాట్ మొదట్లోనే తేల్చుకోవాలి. వెలుగులు కూడే లెక్క లీనియర్‌లో సహజంగా వస్తుంది, అక్కడ యాడ్ (రంగుల్ని నేరుగా కూడే మోడ్) వాడొచ్చు. ఎస్‌ఆర్‌జీబీలో యాడ్ త్వరగా తెల్లగా కాలిపోతుంది, స్క్రీన్ అనే మోడ్ మేలు. కానీ లీనియర్‌కి మారగానే ఒకటి జరుగుతుంది, లేత ఫిల్ మీద ఉన్న నల్ల గీతలు సన్నబడతాయి. సగం ఆల్ఫా ఉన్న అంచు పిక్సెల్ తెలుపు మీద ఎస్‌ఆర్‌జీబీలో 128 దగ్గర ఉండేది, లీనియర్‌లో కలిపి తిరిగి చూస్తే 188 దగ్గరికి వస్తుంది, అంటే అంచు తేలిపోయింది. గీత మందం పోయిందని యానిమేటర్ గొడవ పెడితే ఆయన చెప్పేది నిజమే. చాలామంది గీత, ఫిల్ రెంటినీ ఎస్‌ఆర్‌జీబీలో ముందే కలిపేసుకుని, ఆ కలిసిన బొమ్మని లీనియర్‌లోకి తెచ్చుకుంటారు.

ఇక నీడ. అన్నిటికంటే ముందు పాదం నేలకి ఆనేచోట చిన్న ముదురు పట్టీ, దాదాపు బ్లర్ లేకుండా. ఇది ఒక్కటి లేకపోయినా పిల్ల గాల్లో తేలుతుంది. పాదం లేచిన ఫ్రేములో అది తొలగాలి, కాబట్టి షీట్ పక్కన పెట్టుకుని ఆన్, ఆఫ్ చేయండి. తర్వాత పొడుగు నీడ. పిల్ల ఆల్ఫాని నల్లగా చేసి వంచి పడేయడం చదునైన నేల మీద నడుస్తుంది గానీ ఇక్కడున్నవి మెట్లు. మెట్టు పైభాగం మీద ఒక వాలు, నిలువు భాగం మీద ఇంకో వాలు, అంచు దగ్గర విరుపు. మెట్టుకో మాస్క్ గీసి, నీడ కాపీలు రెండు తీసుకుని, ఒకటి నిలువు భాగాలకి, ఒకటి పైభాగాలకి వేరుగా వంచితే సరిపోతుంది. నీడకి నలుపు వాడొద్దు, అదే పెయింటింగ్‌లో పెయింటర్ వేసిన నీడ రంగుని ఐడ్రాపర్‌తో తీసుకుని మల్టిప్లై చేయండి. పాదం దగ్గర ఘాటుగా, దూరం పోయేకొద్దీ మెత్తగా. చేతిలో లాంతరు ఊగితే నీడ కూడా ఊగాలి, అదీ టూస్ మీదే.

ప్యాన్‌లో కాళ్లు జారడం

ఎక్కువ మందిని ఏడిపించేది ఇదే, కాబట్టి లెక్క వేసి చూద్దాం. పిల్ల ఫ్రేము మధ్యలోనే ఉండి నడుస్తోంది, బ్యాక్‌గ్రౌండ్ ఫ్రేముకి 6 పిక్సెళ్ల చొప్పున వెనక్కి పోతోంది. డ్రాయింగులు టూస్ మీద ఉన్నాయి గనక నేల మీద ఆనిన పాదం రెండు ఫ్రేములకోసారి 12 పిక్సెళ్లు వెనక్కి జరుగుతుంది. మొదటి ఫ్రేములో పాదం, నేల కలిశాయి. రెండో ఫ్రేములో నేల 6 జరిగింది, పాదం జరగలేదు. మూడో ఫ్రేములో మళ్లీ కలిశాయి. సెకనుకి 12 సార్లు పాదం నేల మీద అలా వణుకుతుంది, చూసేవాడికి కారణం తెలీదు గానీ ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది.

దారులు మూడు. యానిమేటర్‌తో ఆ నడకని వన్స్ మీద గీయించడం అన్నిటికంటే మంచిది, ఖర్చూ ఎక్కువే. రెండోది ప్యాన్‌ని కూడా రెండు ఫ్రేములకోసారి 12 పిక్సెళ్లు కదపడం, పాదం అతుక్కుంటుంది, కాకపోతే ప్యాన్ వేగంగా ఉంటే బ్యాక్‌గ్రౌండ్ కుదుపులు పెడుతుంది. మూడోది పిల్లని నేలకి పేరెంట్ చేసి (నేలతో పాటు కదిలేలా కట్టి), హోల్డ్ అయిన రెండో ఫ్రేములో బొమ్మని కూడా నేలతో పాటు 6 జరగనివ్వడం. పాదం బిగుసుకుంటుంది, కానీ ఈసారి శరీరం ఫ్రేములో వెనక్కీ ముందుకీ ఊగుతుంది. నెమ్మది ప్యాన్‌లో ఇది ఎవరికీ కనపడదు, మన షాట్‌కి నేనైతే ఇదే తీసుకుంటాను. పాదాలు ఫ్రేములో లేని మిడ్ షాట్ అయితే ఈ టెన్షనే లేదు, ప్యాన్ హాయిగా వన్స్ మీద నడపండి.

మరీ నెమ్మది ప్యాన్‌కి ఇంకో రోగం ఉంది. ఫ్రేముకి అర పిక్సెల్ కదిలితే బ్యాక్‌గ్రౌండ్‌లోని సన్నటి గీతలు ఒక ఫ్రేములో పదునుగా, మరో ఫ్రేములో మసకగా మారుతూ తళతళమంటాయి. వేగాన్ని పూర్తి పిక్సెళ్లకి సర్దండి, లేదా బ్యాక్‌గ్రౌండ్ కొద్దిగా మెత్తబరచండి. వేగం ఎక్కువైతే ఇంకోలా చెడుతుంది, సెకనుకి 24 ఫ్రేములే కాబట్టి నిలువు అంచులు చీలికలు చీలికలుగా దూకుతాయి. ఒక వస్తువు తెర ఈ చివర నుంచి ఆ చివరకి పోవడానికి దాదాపు 7 సెకన్లు పట్టాలని కెమెరావాళ్లు ఒక మోటు లెక్క చెప్తారు. కన్ను నడిచే పిల్లని పట్టుకుని ఉంటుంది గనక ఇలాంటి షాట్లలో ఇంకాస్త వేగం తట్టుకుంటుంది.

లేయర్ల లోతుకి లెక్క సులువు, రెట్టింపు దూరంలో ఉన్నది సగం వేగంతో కదలాలి. డిస్నీ స్టూడియో 1937లో వాడుకలోకి తెచ్చిన మల్టీప్లేన్ కెమెరా గాజు పలకల్ని ఎడం ఎడంగా పేర్చి చేసింది ఈ పనే. స్తంభం గోడకంటే వేగంగా, ఆకాశం దాదాపు నిలబడినట్టుగా.

బ్లర్, టెక్స్చర్, గ్రెయిన్

గీసిన బొమ్మకి మోషన్ బ్లర్ స్విచ్ ఆన్ చేయకండి. వేగం చూపించాలంటే యానిమేటర్ సాగదీసిన డ్రాయింగ్ గీసే ఉంటాడు, దాని మీద కంప్యూటర్ బ్లర్ వేస్తే ఆ శ్రమ బురదలో కలుస్తుంది. ప్యాన్ అయ్యే బ్యాక్‌గ్రౌండ్‌కి, ముందున్న స్తంభానికి మాత్రం పెట్టొచ్చు.

పెయింటింగ్‌లో బ్రష్ గరుకు ఉండి బొమ్మ ఫిల్ నున్నగా ఉంటే ఫిల్ మీద పల్చగా కాగితం టెక్స్చర్ వేయండి. అది ఫ్రేముకి అతుక్కుని ఉండిపోతే బొమ్మ ఒక కిటికీ వెనక కదులుతున్నట్టు ఉంటుంది, బొమ్మతో పాటు జరగాలి, డ్రాయింగ్ మారినప్పుడే మారాలి. గీత అంచులు బ్యాక్‌గ్రౌండ్ కంటే మరీ పదునుగా ఉన్నాయనిపిస్తే పిక్సెల్‌లో సగం పాటి బ్లర్, అంతకు మించి వద్దు. ఆఖర్న అన్నిటి మీదా కలిపి ఒకే గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్నటి చుక్కల గరుకు). ఇది అందానికే కాదు, సాయంత్రపు ఆకాశంలో రంగు మెల్లగా మారేచోట 8-బిట్‌లో వచ్చే చారల్ని కూడా గ్రెయిన్ చెదరగొడుతుంది.

పంపే ముందు

షాట్‌ని లూప్‌లో పెట్టి చూడండి, తర్వాత అడ్డంగా ఫ్లిప్ చేసి చూడండి, అలవాటైన కన్ను వదిలేసినవి అద్దంలో దొరుకుతాయి. మానిటర్ గామా బాగా పెంచి చీకట్లో మాస్క్ అంచులు ఏమైనా తేలుతున్నాయా అని వెతకండి, మీ స్క్రీన్ మీద కనపడనివి థియేటర్‌లో కనపడొచ్చు. ఒక్కో ఫ్రేమూ నొక్కుకుంటూ పోతే ఒకే ఒక్క డ్రాయింగ్‌లో రంగు మారిన చేతి గాజో, చెవిపోగో దొరుకుతుంది, చాలా షాట్లలో దొరుకుతుంది. ఇంతా అయ్యాక గ్లో, ఫ్లేర్, ఆపైన వేసినవన్నీ ఒక్కొక్కటే ఆఫ్ చేసి చూడండి, ఆఫ్ చేసినా షాట్ ఏమీ కోల్పోకపోతే దాన్ని తిరిగి ఆన్ చేయొద్దు.

రెండర్ వీడియో ఫైల్‌గా కాకుండా ఇమేజ్ సీక్వెన్స్‌గా తీయండి, 16-బిట్ హాఫ్ ఫ్లోట్ ఈఎక్స్‌ఆర్ అయితే గ్రేడింగ్‌లో (ఆఖరి రంగుల సర్దుబాటులో) ఇంకా కదపడానికి వీలుంటుంది, కుదరకపోతే 16-బిట్ టిఫ్. కలర్ స్పేస్ ఏదో ఫైల్ పేరులోనో పక్కన నోట్‌లోనో రాయండి, లీనియర్ ఫైల్‌ని ఎవరో ఎస్‌ఆర్‌జీబీ అనుకుని తెరిస్తే షాట్ మొత్తం నల్లగా ముద్దయి కనిపిస్తుంది, తిట్లు మీకే పడతాయి. ఫ్రేముల సంఖ్య ఎక్స్-షీట్‌తో సరిపోయిందో లేదో లెక్కపెట్టుకోండి. మధ్యలో ఒకటి మిస్సయినా, చెడినా కంగారక్కర్లేదు, సీక్వెన్స్ కాబట్టి ఆ ఒక్క ఫ్రేమే మళ్లీ రెండర్ కొట్టి అదే నంబర్‌తో పెట్టేయండి.